చేతికొచ్చిన 20 లక్షలు: పోస్టాఫీసా, బ్యాంకా, సైటా, వడ్డీకి తిప్పడమా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక కుటుంబానికి పెద్ద మొత్తం ఒకేసారి వచ్చే దారులు కొన్నే. ఉద్యోగి రిటైరైతే వచ్చే గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకునే మొత్తం). భోగాపురం విమానాశ్రయానికో మూలపేట పోర్టుకో పోయిన భూమికి పరిహారం. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కష్టపడి వచ్చిన అబ్బాయి కూడబెట్టిన సొమ్ము. అది ఖాతాలో పడిన వారానికే సలహాలు మొదలవుతాయి. బావమరిది సైటు చూపిస్తాడు. బ్యాంకులో ‘మంచి స్కీము’ ఉందంటారు. తెలిసినాయన నూటికి రెండు రూపాయలిస్తానని కబురు పెడతాడు.

ఇందులో ఏది మేలో తేల్చడానికి అందరూ ముందుగా వడ్డీ ఎంత అని అడుగుతారు. నిజానికి అది చివర అడగాల్సిన ప్రశ్న. లెక్క తేలికగా ఉండడానికి ఈ వ్యాసంలో 20 లక్షలు అనుకుందాం. మీ మొత్తం వేరైతే అదే నిష్పత్తిలో చూసుకోండి.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, ఈ డబ్బు ఎప్పుడు కావాలి? అమ్మాయి పెళ్లి రెండేళ్లలో ఉంటే ఆ పెళ్లి డబ్బు వేరు, పదేళ్ల తర్వాత కావాల్సింది వేరు. రెండూ ఒకే చోట పెడితే ఏదో ఒకటి నష్టపోతుంది.

రెండోది, అవసరం మీద పడితే ఎన్ని రోజుల్లో చేతికొస్తుంది? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆస్తి అంతా తోటలోనే ఉన్న కుటుంబాలకు ఆస్తీ ఆదాయమూ ఒక్క రాత్రిలో పోయాయి. మన తీరంలో ఇది ఎప్పుడో జరిగే వింత కాదు. కాబట్టి కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు తుపానుకు, ఆసుపత్రికి అందే చోట ఉండాలి.

మూడోది, ఎవరి సంతకంతో వస్తుంది? సంపాదించినాయన మంచాన పడితే భార్య ఆ డబ్బు తీయగలదా? ఈ ప్రశ్న ఎవరూ అడగరు, ఇళ్లలో ఎక్కువ ఇబ్బంది ఇక్కడే వస్తుంది.

నాలుగోది, పోతే ఎవరిస్తారు? అయిదోది, పన్ను, ఖర్చులు పోగా చివరికి మిగిలేదెంత? రేటు గురించి ఆలోచించాల్సింది ఈ అయిదో ప్రశ్న దగ్గరే.

| ఎంపిక | ఏడాదికి రాబడి | అవసరానికి ఎప్పుడు అందుతుంది | హామీ ఎవరిది |
|---|---|---|---|
| పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకం | 8.2 శాతం | కొద్ది రోజుల్లో, కోతతో | కేంద్ర ప్రభుత్వం |
| పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకం | 7.4 శాతం | ఏడాది దాటాకే, కోతతో | కేంద్ర ప్రభుత్వం |
| బ్యాంకు ఎఫ్‌డీ | ఎక్కువగా 6–7 శాతం | సాధారణంగా అదే రోజు | 5 లక్షల వరకు డిపాజిట్ బీమా |
| వడ్డీకి ఇవ్వడం | చెప్పేది 24 శాతం | అప్పు తీసుకున్నాయన ఇచ్చినప్పుడు | ఎవరూ లేరు |
| సైటు | ముందే చెప్పలేం | నెలలు, ఒక్కోసారి ఏళ్లు | కాగితాలు సరిగ్గా ఉంటే భూమి మీది |
| బంగారం | ముందే చెప్పలేం | తాకట్టు మీద అదే రోజు | సరుకు మీ దగ్గరే |
| ఇండెక్స్ ఫండ్ (పెద్ద కంపెనీల షేర్ల సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) | ముందే చెప్పలేం | రెండు మూడు పనిదినాలు | లేదు |

పోస్టాఫీసు రేట్లు 2025 పొడవునా మారలేదు. ప్రతి మూడు నెలలకూ ఆర్థిక శాఖ వీటిని సమీక్షిస్తుంది కాబట్టి ఖాతా తెరిచే రోజున కౌంటర్లో ఒకసారి అడగండి.

## పోస్టాఫీసు: ఇప్పుడు ఎందుకు ముందుండాలి

రిజర్వ్ బ్యాంకు 2025లో రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) నాలుగుసార్లు తగ్గించి 6.50 నుంచి 5.25 శాతానికి తెచ్చింది. ఇంటి అప్పు ఉన్నవాళ్లకు అది మేలు. డిపాజిట్ మీద బతికేవాళ్లకు మాత్రం బ్యాంకు వడ్డీ తగ్గిపోయింది. కేంద్రం అదే ఏడాదిలో చిన్న పొదుపు పథకాల రేట్లను ముట్టుకోలేదు. అందుకే ఇప్పుడు పోస్టాఫీసుకూ బ్యాంకుకూ మధ్య ఇంత తేడా కనిపిస్తోంది. ఈ తేడా ఎప్పటికీ ఇలాగే ఉంటుందని నేననుకోను. ప్రభుత్వ బాండ్ల రాబడి ఆధారంగా ఈ రేట్లు నిర్ణయించాలన్న సూత్రం ఒకటుంది. దాన్ని గట్టిగా పాటిస్తే ఇవీ దిగాల్సిందే. సీనియర్ సిటిజన్ పథకంలోనూ నెలసరి పథకంలోనూ ఖాతా తెరిచిన రోజు రేటే అయిదేళ్లూ ఉంటుంది. అర్హత ఉన్నవాళ్లు ఆలస్యం చేయకపోవడం మంచిదని నేననేది అందుకే.

సీనియర్ సిటిజన్ పథకానికి 60 ఏళ్లు నిండాలి. ఒకరి పేరు మీద గరిష్ఠం 30 లక్షలు. భార్యాభర్తలిద్దరికీ 60 దాటితే ఇద్దరూ విడివిడిగా తెరవొచ్చు. 20 లక్షలు వేస్తే ఏడాదికి 1,64,000, అంటే మూడు నెలలకోసారి 41,000 వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు 62కు రిటైరవుతారు కాబట్టి వాళ్లకు వయసు అడ్డు కాదు. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లోనో ఇతర ప్రైవేటు కంపెనీల్లోనో 58కే రిటైరైనవాళ్లకూ దారి ఉంది. 55 నుంచి 60 లోపు వాళ్లు రిటైర్మెంట్ డబ్బు అందిన మూడు నెలల్లోగా, ఆ డబ్బు మేరకు ఈ ఖాతా తెరవొచ్చు. కంపెనీ నుంచి రిటైర్మెంట్ తేదీ, వచ్చిన మొత్తం రాసిన ధ్రువపత్రం కావాలి. ఈ మూడు నెలల గడువు తెలియక చాలామంది అవకాశం పోగొట్టుకుంటారు.

వెళ్లేటప్పుడు ఆధార్, పాన్, రెండు ఫోటోలు, చెక్కు తీసుకెళ్లండి. లక్ష దాటిన డిపాజిట్ చెక్కు ద్వారానే చేయాలి. ఊళ్లోని బ్రాంచి పోస్టాఫీసు చుట్టూ తిరగకుండా మండల కేంద్రంలోని సబ్ పోస్టాఫీసుకో, శ్రీకాకుళం, విజయనగరం హెడ్ పోస్టాఫీసుకో వెళ్తే పని సాఫీగా అవుతుంది.

ఎక్కువమంది పొరపాటు చేసేది రెండు చోట్ల. వడ్డీ ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి ఒకటో తేదీల్లో జమవుతుంది. తీసుకోకుండా ఆ ఖాతాలోనే వదిలేస్తే దాని మీద మళ్లీ వడ్డీ రాదు. అందుకే తెరిచే రోజే మీ సేవింగ్స్ ఖాతాకు వెళ్లేలా రాసివ్వండి. ఇక 60 దాటినవాళ్లకు ఏడాది వడ్డీ లక్ష దాటితే టీడీఎస్, అంటే పన్ను ముందే కోస్తారు. పన్ను పడని ఆదాయమైతే 15హెచ్‌గా మనకు అలవాటైన స్వీయ ప్రకటన ఫారం ప్రతి ఏప్రిల్లోనూ ఇవ్వాలి. ఒక ఏడాది ఇస్తే మరో ఏడాదికి పనికిరాదు.

మధ్యలో మూసేస్తే ఏడాదిలోపు ఇచ్చిన వడ్డీ వెనక్కి తీసుకుంటారు. ఏడాది నుంచి రెండేళ్లలోపు అసలులో 1.5 శాతం, ఆ తర్వాత 1 శాతం కోత.

60 నిండనివాళ్లకు నెలసరి ఆదాయ పథకం ఉంది. ఒక్కరి పేరున 9 లక్షలు, ఉమ్మడిగా 15 లక్షలు పరిమితి. 15 లక్షలకు నెలకు 9,250 వస్తుంది. ఏడాది లోపల అసలు తీయనివ్వరు. మూడేళ్లలోపు తీస్తే 2 శాతం, తర్వాత 1 శాతం తగ్గిస్తారు. జాతీయ పొదుపు పత్రానికి (ఎన్ఎస్‌సీ) 7.7 శాతం ఉన్నా అయిదేళ్లూ డబ్బు కదలదు. నెలనెలా ఖర్చుకు డబ్బు కావాల్సిన ఇంటికి అది సరిపడదు.

## బ్యాంకు ఎఫ్‌డీ

రేటు తక్కువే. కానీ అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సొస్తే మర్నాడు పొద్దున్నే బద్దలుకొట్టగలిగేది ఇదే. అందుకే మొత్తంలో ఒక భాగం ఇక్కడ తప్పనిసరి.

ఆ భాగం 5 లక్షలనుకుంటే, మొత్తం ఒకే ఎఫ్‌డీగా పెట్టకండి. లక్ష చొప్పున అయిదు చేయండి. 80 వేలు అవసరమైతే ఒక్కటే మూస్తారు, మిగతా నాలుగూ పూర్తి వడ్డీతో నడుస్తాయి. గడువు దగ్గర్లో ఉంటే మూయడం కన్నా ఆ ఎఫ్‌డీ మీద అప్పు తీసుకోవడం తక్కువ ఖర్చు. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ మీద ఒక శాతం ఎక్కువ తీసుకుంటారు.

డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి 5 లక్షలు. సేవింగ్స్, ఎఫ్‌డీ, అసలు, వడ్డీ, అన్ని బ్రాంచీలు కలిపి అంతే. సహకార బ్యాంకుకు కూడా ఇది వర్తిస్తుంది. కానీ ఊరి ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో, పరస్పర సహాయ పొదుపు సంఘాల్లో వేసిన డిపాజిట్లకు వర్తించదు. బోర్డు మీద ‘సహకార’ అన్న మాట చూసి బ్యాంకేననుకోకండి.

బ్యాంకు కౌంటర్లో ‘అయిదేళ్లు కడితే చాలు, ఎఫ్‌డీ కన్నా ఎక్కువ’ అంటూ ఇచ్చే కాగితం మీద ‘పాలసీ’, ‘ప్రీమియం’ అన్న మాటలుంటే అది డిపాజిట్ కాదు, బీమా. సంతకం పెట్టేసినా పాలసీ అందిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా వద్దంటే స్వల్ప కోతతో డబ్బు తిరిగొస్తుంది. ఆ 30 రోజులూ దాటాక నష్టం భారీగా ఉంటుంది.

## నూటికి రెండు రూపాయలు

మన జిల్లాల్లో పోస్టాఫీసుకు అసలు పోటీ బ్యాంకు కాదు, ఇదే. 5 లక్షలిస్తే నెలకు 10,000. అదే నెలసరి పథకంలో 3,083. ఈ తేడా చూసి ఎవరికైనా మనసు అటు లాగుతుంది.

మరో లెక్క చూడండి. నెలకు 10,000 చొప్పున మీ 5 లక్షలు మీకు తిరిగి రావడానికే 50 నెలలు పడుతుంది. 18 నెలలు సక్రమంగా ఇచ్చి ఆయన ఆపేస్తే మీకొచ్చింది 1,80,000, పోయింది 3,20,000. మొదటి ఏడాది వడ్డీ సరిగ్గా రావడం ఆయన నిజాయితీకి రుజువు కాదు. మరొకరి దగ్గర తెచ్చి మీకిస్తున్నా అలాగే వస్తుంది.

ఇవ్వక తప్పని పరిస్థితైతే బ్యాంకు ఖాతా నుంచే ఇవ్వండి. 20,000 లేదా ఆపైన అప్పు నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, మీ చేతిలో రుజువూ ఉండదు. ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. ఆ లోపు కొంత డబ్బు కట్టించి నోటు వెనక ఆయన చేతిరాతతో చెల్లు వేయించుకుంటే గడువు మళ్లీ మొదలవుతుంది. మొహమాటపడి ఈ పని చేయనివాళ్లే ఎక్కువ. మొత్తంలో పదో వంతుకు మించి ఈ దారిలో పెట్టొద్దన్నది నా గట్టి సలహా. వేరే ఆదాయం లేనివాళ్లు అసలే పెట్టొద్దు.

అధిక వడ్డీ ఆశ చూపే కంపెనీలు దీనికి పెద్ద రూపం. అగ్రిగోల్డ్ డిపాజిట్‌దారులకు రాష్ట్ర ప్రభుత్వం 2019లో 10,000 లోపు వాళ్లకు, 2021లో 20,000 లోపు వాళ్లకు చెల్లింపులు చేసింది. పెద్ద మొత్తాలు వేసినవాళ్లకు ఎదురుచూపులు మిగిలాయి. చీటీ అయితే చిట్స్ రిజిస్ట్రార్ ఇచ్చిన అనుమతి పత్రం చూశాకే చేరండి. అయినా చీటీ నెలనెలా కట్టి పోగుచేసుకునేది, ఉన్న మొత్తాన్ని దాచే చోటు కాదు.

## సైటు

భోగాపురం, మూలపేట పేర్లు వినగానే తగరపువలస నుంచి టెక్కలి దాకా బ్రోచర్లు పంచుతున్నారు. ఒక సంగతి గుర్తుంచుకోండి. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరోసారి శంకుస్థాపన జరిగింది. ధరలు మొదటి కబురుకే పెరిగాయి. విమానం ఎగరడం దగ్గరపడ్డాక కొనేవాళ్లు ఆ పెరుగుదల మొత్తం ముందే చెల్లించి కొంటున్నారు.

లెక్క వేద్దాం. 20 లక్షల సైటుకు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే లక్షన్నర. చేతి నుంచి పోయింది 21.5 లక్షలు. అదే సొమ్ము 7.5 శాతం చొప్పున ఏడేళ్లు పెరిగితే దాదాపు 35.7 లక్షలవుతుంది. కాబట్టి ఏడేళ్ల తర్వాత మీ సైటు 35.7 లక్షలకు అమ్ముడైతే సమానమైనట్టు, లాభం కాదు. అదీ కొనేవాడు దొరికితే. ఈ ఏడేళ్లూ మీ చేతికి రూపాయి రాదు.

ఇల్లు కట్టుకుని ఉండడానికైతే ఈ లెక్క అక్కర్లేదు, కొనుక్కోండి. ఎందుకు కొన్నా కింది కాగితాలు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి:

- కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం). అందులో తాకట్టు ఉంటే విడుదల పత్రం.
- సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో. ప్రభుత్వం పేదలకు పంచిన డీ పట్టా భూములు ఇక్కడే బయటపడతాయి.
- ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్, 1బీ. అమ్మేవాళ్ల పేరు, విస్తీర్ణం దస్తావేజుతో సరిపోవాలి.
- లేఅవుట్ అయితే అనుమతి నంబరు, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ (రెరా) నమోదు. ‘అప్లై చేశాం’ అన్నది అనుమతి కాదు.
- షెడ్యూల్డు (గిరిజన ప్రాంత) గ్రామమైతే 1/70 భూ బదిలీ చట్టం కింద గిరిజనేతరులకు బదిలీ చెల్లదు. ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

ఈ కాగితాలన్నీ సరిపోయాక సర్వేయరుతో హద్దులు కొలిపించండి. కాగితంలో ఉన్న సైటు నేల మీద రోడ్డులోనో చెరువు గట్టులోనో తేలిన సందర్భాలు తక్కువేం కాదు.

## బంగారం, ఫండ్లు

పెట్టుబడిగా నగ కొంటే తరుగు, మజూరీ మొదటి రోజే పోతాయి. 10 లక్షల బంగారానికి తరుగు 12 శాతమనుకుంటే 11.2 లక్షలు, దాని మీద 3 శాతం జీఎస్టీ కలిపి 11,53,600. ధర 15 శాతం పెరిగితేగానీ మీరు పెట్టినది రాదు. సావరిన్ గోల్డ్ బాండ్ల కొత్త జారీ 2024 ఫిబ్రవరి తర్వాత లేదు. పెట్టుబడికే అయితే గోల్డ్ ఈటీఎఫ్ (షేర్ మార్కెట్లో కొనే బంగారం ఫండ్), లేదంటే బిస్కెట్టు. పెళ్లికి నగలు ఎలాగూ చేయించాలంటే అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య) ఉన్నవే తీసుకోండి. ఒక్క మాట మాత్రం బంగారానికి ఇవ్వాలి: తాకట్టు మీద అదే రోజు డబ్బు దొరికే ఆస్తి ఇంట్లో ఇదొక్కటే. విత్తనాల కాలంలో దీని విలువ రైతుకు తెలుసు.

షేర్లలో నేరుగా దిగడం, ఆప్షన్లు ఆడడం ఈ డబ్బుతో వద్దు. ఫ్యూచర్స్, ఆప్షన్లలో వ్యక్తులుగా ట్రేడ్ చేసినవాళ్లలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ వేరు, కానీ దానికీ గుండె దిటవు కావాలి. 2020 జనవరి నుంచి మార్చి మధ్య నిఫ్టీ 38 శాతం పడింది. మీ 20 లక్షలు రెండు నెలల్లో 12 లక్షల చిల్లర అయి కనిపించేవి. అప్పుడు నవంబరుకల్లా కోలుకుంది. 2008లో పడ్డప్పుడు పాత స్థాయికి రావడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. ఏడేళ్ల వరకు ముట్టుకోనక్కర్లేని భాగం మాత్రమే, అదీ ఒకేసారి కాకుండా రెండేళ్ల పాటు నెలనెలా వేయండి. అమ్మినప్పుడు ఏడాది దాటిన లాభంలో 1.25 లక్షలు పోగా మిగిలిన దాని మీద 12.5 శాతం పన్ను.

## ఎవరికి ఏది

పెన్షన్ వచ్చే రిటైర్డ్ ఉద్యోగి. నెల ఖర్చు పెన్షన్‌తో గడుస్తుంది. 12 లక్షలు సీనియర్ సిటిజన్ పథకం, 4 లక్షలు ఎఫ్‌డీలు, 4 లక్షలు ఇండెక్స్ ఫండ్. కొత్త పన్ను విధానంలో పెన్షన్, వడ్డీ కలిపి 12 లక్షల లోపైతే పన్ను పడదు. 2004 సెప్టెంబరు తర్వాత చేరి సీపీఎస్‌లో (పాత పద్ధతి పెన్షన్ లేని కంట్రిబ్యూటరీ పథకంలో) ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు ఫండ్ జోలికి పోకుండా 16 లక్షలు సీనియర్ పథకంలో, మిగతాది ఎఫ్‌డీలో ఉంచడం క్షేమం.

భూమి పోయిన కుటుంబం. తండ్రికి 50 దాటింది, కొడుకులకు స్థిరమైన పని లేదు. ఇక్కడ అసలు నష్టం ఏటా వచ్చే పంట. కాబట్టి ముందు నెలసరి ఆదాయం నిలబెట్టాలి: భార్యాభర్తల పేరున 15 లక్షలు నెలసరి పథకంలో, 5 లక్షలు ఎఫ్‌డీల్లో. వ్యవసాయం తెలిసిన ఇల్లు లోపలి మండలాల్లో మళ్లీ పొలం కొనుక్కోవడం తప్పు కాదు, సైట్ల మీద పెట్టడం కన్నా అదే మేలు. ఆటో, ట్రాక్టరు కొంటామని పిల్లలంటే పూర్తి మొత్తం ఇవ్వకుండా మూడో వంతు ఇచ్చి, మిగతాది వాళ్ల సంపాదన నుంచే వాయిదాలు కట్టనివ్వండి. 2013 భూసేకరణ చట్టం కింద అవార్డుగా వచ్చిన పరిహారానికి ఆదాయపు పన్ను లేదు. అవార్డు ప్రతిని పాన్ కార్డుతో పాటు దాచండి. ఆ డబ్బు మీద వచ్చే వడ్డీకి మాత్రం పన్ను లెక్క ఉంటుంది.

గల్ఫ్‌లో ఉన్న అబ్బాయి. ప్రవాసిగా ఉన్నంతకాలం పోస్టాఫీసు పథకాల్లో ఖాతా తెరవడానికి వీల్లేదు. ప్రవాసులు విదేశీ సంపాదనతో తెరిచే ఎన్ఆర్ఈ ఎఫ్‌డీ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, అదే సరైనది. ఏడాది నిండకుండా తీస్తే అసలు వడ్డీయే రాదు. నాన్న పేరున పంపి నాన్నతో పోస్టాఫీసులో వేయిస్తే చట్టప్రకారం ఆ డబ్బు నాన్నది. అన్నదమ్ములు ఎక్కువమంది ఉంటే ఆ సంగతి ఇప్పుడే మాట్లాడుకోండి.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇల్లు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ప్రభుత్వ పథకంలో డయాలిసిస్‌కు డబ్బు కట్టక్కర్లేదు. కానీ వారానికి రెండు మూడుసార్లు ప్రయాణం, తోడు వెళ్లినవాళ్ల కూలి, మందులు, పథ్యం ఖర్చు మాత్రం ఆగవు. ఈ ఇంటికి సైటు వద్దు, ఫండ్ వద్దు, ఎవరికీ వడ్డీకివ్వడం వద్దు. నెలకు ఎంతవుతోందో మూడు నెలలు రాసి చూడండి. అంత వచ్చేలా నెలసరి పథకంలో వేసి, మిగిలినదంతా 50,000 చొప్పున ఎఫ్‌డీలు చేయండి. అన్నీ ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు తీసుకునే) పద్ధతిలో, జబ్బు లేని భార్య లేదా భర్త పేరు కలిపి తెరవండి. గడువులోపు ఒకరి సంతకంతోనే మూసే వీలు ఉండాలని దరఖాస్తులోనే రాయించండి. అది రాయకపోతే కొన్ని బ్యాంకులు ఇద్దరి సంతకాలూ అడుగుతాయి, మనిషి ఐసీయూలో ఉన్నప్పుడు ఆ సంతకం దొరకదు. 2025 నవంబరు నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. పాత ఎఫ్‌డీల్లో నామినీ గడి ఖాళీగా ఉంటే, ఆ రసీదులు పట్టుకుని బ్యాంకుకు వెళ్లి అది కూడా నింపించండి.